బ్రిడ్జి ఉంది సరే, నీళ్ళేవండీ?

పోయిన నెల ఈ శీర్షికలో అమెరికా పడమటి రాష్ట్రాల నదుల గురించి నాలుగు మాటలు రాసి, అనుమానాలుంటే అడగమన్నాను. అడిగారు, బాగా అడిగారు. సగం ఉత్తరాలు పిల్లల దగ్గరికి వెళ్ళి ఆర్నెల్లు ఉండొచ్చిన అమ్మానాన్నలవి. ఒక్క మాట ముందే చెప్పేస్తాను. నేను ఇంజనీర్ని కాదు. అరిజోనాలో 14 ఏళ్ళు లెక్కల ఉద్యోగం చేసి వచ్చినవాణ్ణి. పుట్టింది తాడిపత్రి దగ్గర కాబట్టి ఎండిన ఏరు నాకు కొత్త కాదు, కానీ అక్కడ ఏరు ఎండిన పద్ధతే వేరు.

మా అబ్బాయి ఉండేది అరిజోనాలో, ఫీనిక్స్ పక్కనున్న మెసాలో. రోజూ ఓ పెద్ద బ్రిడ్జి దాటేవాళ్ళం, ‘సాల్ట్ రివర్’ అని బోర్డు. కింద చూస్తే రాళ్ళూ, ఇసుకా, పొదలూ. మన పెన్నే నయం, ఎప్పుడో ఒకప్పుడు తడి తగులుతుంది. ఏరు చచ్చిపోయాక బోర్డెందుకు? మళ్ళీ పక్కనే టెంపీలో పడవలు తిరిగేంత నీళ్ళు! అవెక్కడివి? (ధర్మవరం నుంచి ఒక తండ్రి)

చచ్చిపోలేదండీ, దారి మళ్ళించారు. మెసా నుంచి తూర్పుగా కాసేపు వెళ్తే గ్రానైట్ రీఫ్ అనే ఆనకట్ట వస్తుంది, 1908లో కట్టింది. కొండల్లోంచి దిగే సాల్ట్ నదీ, దాంట్లో కలిసే వెర్డే నదీ అక్కడిదాకా బాగానే వస్తాయి. ఎండాకాలం కుర్రకారు గాలి ట్యూబుల మీద పడుకుని తేలుతూ వచ్చేది ఆనకట్టకు పైనున్న ఆ నీళ్ళలోనే. ఆనకట్ట దగ్గర కుడి వైపు ఒక కాలువ, ఎడమ వైపు ఒక కాలువ. వచ్చిన నీళ్ళన్నీ ఆ రెండింట్లోకి పోతాయి, మామూలు ఏడాదిలో కిందికి ఏమీ వదలరు. ధవళేశ్వరంలాంటి ఏర్పాటే, కాకపోతే గోదావరిలాగా పొర్లిపోయేంత నీళ్ళు ఇక్కడ ఎక్కడివి? దానికి ఎగువన 1911లో పూర్తయిన రూజ్‌వెల్ట్ డ్యామ్ ఉంది, రాతి కట్టడం. అప్పటికి పదవి దిగిపోయిన థియోడోర్ రూజ్‌వెల్టే వచ్చి ప్రారంభించాడు. తర్వాత 1990ల్లో దాని ఎత్తు పెంచి పైన కాంక్రీటు తొడిగేశారు, అందుకే ఇప్పుడు చూస్తే ఆ రాయి కనిపించదు.

ఇదంతా తెల్లవాళ్ళు కనిపెట్టిన విద్య అనుకోకండి. అక్కడ వెయ్యేళ్ళ కిందటే హోహోకమ్ అనే జనం చేతి పనిముట్లతో వందల మైళ్ళ కాలువలు తవ్వి మొక్కజొన్న, పత్తి పండించారు. 1450 ప్రాంతానికి ఆ ఊళ్ళు ఖాళీ అయిపోయాయి. 1867లో వచ్చినవాళ్ళు ఆ పాత కాలువల జాడల్నే మళ్ళీ తవ్వి నీళ్ళు పారించారు. బూడిదలోంచి లేచిన పక్షి పేరు, ఫీనిక్స్ అని, ఊరికి పెట్టింది అందుకే.

ఇంకోటి చెప్తాను, మీరు రైతు కుటుంబం అన్నారు కాబట్టి. ఫీనిక్స్ పాత పేటల్లో కొన్ని ఇళ్ళ చుట్టూ జానెడు ఎత్తు మట్టిగట్టు ఉంటుంది, మడిలాగా. ఎండాకాలంలో సుమారు రెండు వారాలకోసారి కాలువ నీళ్ళు ఆ పెరట్లోకి పారిస్తారు. వంతు ఏ వేళకి వస్తే ఆ వేళే. మా ఇంటి ఓనరు పెద్దాయన, డెబ్భై దాటాయి, రాత్రి రెండున్నరకి అలారం పెట్టుకుని లేచి, రబ్బరు బూట్లు వేసుకుని, టార్చిలైటు పట్టుకుని, మూలనున్న ఇనప మూత తిప్పేవాడు. బుడబుడమని నీళ్ళొచ్చి నారింజ చెట్ల మొదళ్ళ చుట్టూ తిరిగి, గట్టు అంచుదాకా నిండేవి. కాసేపయ్యాక మూత కట్టేసి, పక్కింటివాళ్ళ వంతని వాళ్ళ కిటికీ కొట్టేవాడు. కాలువ మీద తూము ఎత్తి ఏ వీధికి ఎంతసేపు అని చూసే మనిషిని అక్కడ ‘సంహేరో’ అంటారు, స్పానిష్ మాట. మన చెరువు కింద నీరుగంటి ఉండేవాడే, అచ్చంగా అతనే. మొదటిసారి చూసినప్పుడు నాకు మా తాత గుర్తొచ్చాడు.

ఇక టెంపీ పడవలు. అది ఏరు కాదు, ఏటి ఒంట్లో కట్టిన తొట్టి. రెండు వైపులా అడ్డం పెట్టి, వేరే చోటి నుంచి కొనుక్కొచ్చిన నీళ్ళు 1999లో నింపారు. మొదట అడ్డం పెట్టినవి గాలి నింపిన పెద్ద రబ్బరు తిత్తులు. 2010 జులైలో ఒక రాత్రి అందులో ఒకటి పగిలి చెరువంతా కిందికి పోయింది, తెల్లారేసరికి బురద. ఆ వైపు ఇప్పుడున్నవి ఉక్కు తలుపులు.

బోర్డు ఎందుకు తియ్యలేదంటే, కొండల్లో మంచు ఎక్కువ పడి డ్యాములు నిండిన ఏడాది ఆ ఏరు మళ్ళీ వస్తుంది. 1980 ఫిబ్రవరి వరదకు ఫీనిక్స్‌లో బ్రిడ్జిలు దాదాపు అన్నీ మూతబడ్డాయి, ఊరు రెండు ముక్కలైపోయింది. 2023 వసంతంలో కూడా నీళ్ళు వదిలారు. మీరు వెళ్ళిన ఏడాది రాలేదు, అంతే.

నేను ఇరిగేషన్ శాఖలో పని చేసి రిటైరయ్యాను. కొలరాడో నది మీద ఏడు రాష్ట్రాలు వందేళ్ళుగా కొట్టుకుంటున్నాయని పేపర్లో చదివాను. వాళ్ళ ‘ఎకరా అడుగుల’ లెక్క తలకెక్కదు. టీఎంసీల్లో చెప్పండి. (హైదరాబాద్, వనస్థలిపురం)

సార్, మీలాంటి వారికి లెక్క చెప్పడం అంటే హనుమంతుడి ముందు కుప్పిగంతులే, అయినా అడిగారు కాబట్టి. ఎకరం పొలంలో అడుగు ఎత్తున నీళ్ళు నిలబెడితే ఒక ఎకరా అడుగు, 43,560 ఘనపుటడుగులు. పది లక్షల ఎకరా అడుగులు 43.56 టీఎంసీలు.

ఇప్పుడు చూడండి. 1922 నవంబర్‌లో శాంటా ఫే ఊళ్ళో కూర్చుని కొలరాడో నదిని రెండు ముక్కలు చేశారు. ఎగువన కొలరాడో, యూటా, వయోమింగ్, న్యూ మెక్సికో. దిగువన కాలిఫోర్నియా, అరిజోనా, నెవాడా. చెరో 75 లక్షల ఎకరా అడుగులు, అంటే చెరో 327 టీఎంసీలు. మొత్తం 653. మెక్సికోకి 1944 ఒప్పందంలో ఇచ్చింది ఇంకో 65. అంతా కలిపి 720 టీఎంసీల లోపే! బచావత్ ట్రిబ్యునల్ కృష్ణలో మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒక్కదానికే 811 ఇచ్చింది కదా. అంటే ఏడు రాష్ట్రాలూ ఒక దేశమూ కలిసి కొట్టుకునే నీళ్ళు, కాగితం మీద కూడా, కృష్ణలో మన వాటా అంత లేవు. నేను మొదటిసారి ఈ లెక్క వేసినప్పుడు ఎక్కడో సున్నా తప్పానేమోనని మళ్ళీ వేశాను.

పైగా ఆ 720 కూడా లేవు. వాళ్ళు పంచుకున్నప్పుడు చేతిలో ఉన్న కొలతలు 1900ల మొదట్లో బాగా తడిగా నడిచిన ఏళ్ళవి. చెట్ల కాండంలోని వలయాలు లెక్కబెట్టే శాస్త్రవేత్తలు 1976లో తేల్చిందేమిటంటే, కొన్ని వందల ఏళ్ళలో అంత తడి కాలం అరుదని. పెళ్ళిలో చదివించిన డబ్బులు చూసి నెల జీతం అనుకుని అప్పు చేసినట్టన్నమాట. 2000 తర్వాత నదిలో ఏడాదికి సగటున వస్తున్నది సుమారు 540 టీఎంసీలు. ఉన్నది 540, రాసిచ్చింది 720, మధ్యలో ఎండకు ఆవిరయ్యేది వేరే.

మరి ఇన్నాళ్ళు ఎలా నడిచింది? బానలు పెద్దవి కాబట్టి. 1935లో పూర్తయిన హూవర్ డ్యామ్ వెనక లేక్ మీడ్ నిండితే సుమారు 1,130 టీఎంసీలు, ఇప్పటి మన సాగర్ 312 అనుకుంటే మూడున్నర సాగర్లు. పైన గ్లెన్ కాన్యన్ దగ్గర అలాంటిదే ఇంకోటి. ఈ రెండు బానల్లో పాత నీళ్ళు తోడుకుంటూ కాలక్షేపం చేశారు. 2022 జులైలో మీడ్ అడుగుకి దిగినప్పుడు చుట్టూ కొండల మీద పాత నీటిమట్టం దాకా తెల్లటి సున్నం గీత, స్నానాల తొట్టికి పట్టిన మట్టిలాగా, ఆ ఎత్తున. దానికి ఏడాది ముందు, 2021 ఆగస్టులో, నది చరిత్రలో మొదటిసారి అధికారికంగా ‘కొరత’ ప్రకటించారు, కొలరాడో నీళ్ళని అరిజోనాకి తెచ్చే కాలువకి కోత పడింది. 2007లో రాసుకున్న కోతల నిబంధనల గడువు 2026తో అయిపోతుంది, ఆ తర్వాత ఎలా అన్నదే ఇప్పటి కొట్లాట.

దిగువ రాష్ట్రాల వాటాలు టీఎంసీల్లో: కాలిఫోర్నియా 192, అరిజోనా 122, నెవాడా 13. ఇందులో తమాషా ఏమిటంటే కాలిఫోర్నియా ఎడారి మూల ఇంపీరియల్ లోయ అనే ఒక్క సాగునీటి జిల్లా హక్కే 135 టీఎంసీలు. లాస్ వేగస్ ఉన్న రాష్ట్రం మొత్తానికి పది రెట్లు. అక్కడ గడ్డి, కూరగాయలు పండిస్తారు. నది నీళ్ళలో పెద్ద భాగం పొలాలకే పోతుంది, అందులోనూ పశువుల మేతకి చాలా. ఊళ్ళలో జనం స్నానాలు తగ్గించుకుంటే నది బాగుపడుతుందని చెప్పే వాళ్ళ మాట నేను నమ్మను.

కొట్లాట అంటే మాటల కొట్లాటే కాదు సార్. కాలిఫోర్నియా కోసం పార్కర్ డ్యామ్ కడుతుంటే 1934లో అరిజోనా గవర్నరు సైనికుల్ని పంపాడు. వాళ్ళు అద్దె పడవలు వేసుకుని గస్తీ తిరిగారు. సముద్రం లేని రాష్ట్రానికి ‘నేవీ’ వచ్చిందని పత్రికలు ఎగతాళి చేశాయి. శ్రీశైలం, సాగర్ డ్యాముల మీద రెండు వైపుల పోలీసులు నిలబడడం చూసిన మనకి అందులో నవ్వడానికేమీ లేదనుకోండి. అసలైన తప్పు ఇంకోటి ఉంది. 1922లో ఆ బల్ల చుట్టూ నది ఒడ్డున తరతరాలుగా ఉన్న ఆదివాసీ తెగల మనిషి ఒక్కడూ లేడు. ఆ పరీవాహకంలో 30 తెగలున్నాయి. వాళ్ళకి నీటిహక్కు ఉందని సుప్రీంకోర్టు 1908లోనే, మోంటానాలోని ఒక నది కేసులో చెప్పింది, అయినా ఎవరికీ గుర్తు రాలేదు. ఫీనిక్స్ దక్షిణాన గీలా నది ఒడ్డు తెగ వాళ్ళ పేరుకి అర్థమే ‘ఏటి జనం’. ఎగువన నీళ్ళు మళ్ళించేస్తే వాళ్ళ పొలాలు ఎండిపోయాయి. 2004లో చట్టం చేసి కొలరాడో నీళ్ళతో సహా కొంత తిరిగి ఇచ్చారు.

డెన్వర్‌లో ఇంటి చూరు కింద డ్రమ్ము పెట్టి వాన నీళ్ళు పట్టుకుంటే నేరమని మా తోడికోడలు అంటోంది. నిజమా? (గుంటూరు)

నిన్నమొన్నటిదాకా నిజమేనమ్మా. కొలరాడో రాష్ట్రంలో నీటిహక్కు ‘ముందొచ్చినవాడిది ముందు’ అనే పద్ధతి. మీ కప్పు మీద పడిన వాన చివరికి ఏట్లో కలవాలి, ఏట్లో నీళ్ళు కింద ఎవరో 1880లో హక్కు రాయించుకున్నవాడివి. కాబట్టి మీరు డ్రమ్ము పెడితే వాడి నీళ్ళు తీసుకున్నట్టు! 2016లో చట్టం మార్చి, ఇంటికి రెండు డ్రమ్ములు, రెండూ కలిపి 110 గ్యాలన్లు, అంటే 416 లీటర్ల దాకా, పెరటి మొక్కలకి వాడుకోవచ్చన్నారు. ఇంకుడు గుంత తవ్వకపోతే ఇంటి ప్లాను ఇవ్వమనే ఊళ్ళ నుంచి వెళ్ళినవాళ్ళకి వింతగానే ఉంటుంది.

మాది కాకినాడ. మాకు క్రీక్ అంటే ఉప్పుటేరు, పోటుకి నిండి పాటుకి తీస్తుంది. శాన్ హోసేలో మా అమ్మాయి ఇంటి వెనక కూడా క్రీక్ ఉంది, కానీ జులైలో ఎండిపోయి జనవరిలో పారుతోంది. మనవడు అందులో చేపలు పడతానని గొడవ. పంపవచ్చా? (ఒక అమ్మమ్మ)

మీరు గమనించింది సరిగ్గా ఉందమ్మా. మన తీరంలో వాడే క్రీక్ ఇంగ్లండు వాళ్ళ వాడుక. అమెరికా పడమట అదే మాటకి అర్థం వాగు. ఇంకా పొడి ప్రాంతాలకి వెళ్తే ‘వాష్’, ‘అరోయో’ అంటారు, అవి మా రాయలసీమ వంకలే, వాన పడ్డప్పుడే ప్రాణం. ఇక కాలాలు తిరగబడడానికి కారణం, అక్కడ వానలు అక్టోబరు నుంచి ఏప్రిల్ దాకా. ఎండాకాలం చినుకు పడదు. మన లెక్కలో చూస్తే అంతా తలకిందులు.

చేపల సంగతి: పట్టి ఆడుకుని వదిలేస్తే ఫరవాలేదు, వండి పెట్టకండి. ఆ ఊరికి దక్షిణాన కొండల్లో న్యూ అల్మాడెన్ అనే పాదరసం గని ఉండేది, 1845 నుంచి తవ్వారు, బంగారం వేటగాళ్ళకి రాళ్ళలోంచి బంగారం విడదియ్యడానికి పాదరసం కావాలి కదా, అది ఇక్కణ్ణుంచే వెళ్ళేది. గని మూసి దశాబ్దాలైనా ఆ పాదరసం గ్వాడలూప్ నది కిందికి దిగే చెరువుల్లో, వాగుల్లో చేపల ఒంట్లో ఇంకా ఉంది. ఒడ్డున హెచ్చరిక బోర్డులు ఉంటాయి, మనవడి చేత చదివించండి. అదే నదిలోకి, ఊరి నడిబొడ్డుకి, కొన్ని ఏళ్ళు చలికాలం ముందు సముద్రం నుంచి సాల్మన్ చేపలు ఎదురెక్కి వస్తాయి. అవి చూపించడానికి మాత్రం తప్పకుండా తీసుకెళ్ళండి.

ఆ లోయ గురించి ఇంకొక్కటి. కంప్యూటర్లు రాకముందు అదంతా పండ్ల తోటలు, ఎప్రికాట్లు, ప్రూన్లు. బోర్లు వేసి తోడి తోడి, 1960ల చివరికి శాన్ హోసే నడి ఊళ్ళో నేల 13 అడుగులు కిందికి కుంగింది. అవును, నేలే. కింద నీళ్ళు పోయాక బంకమట్టి పొరలు అణిగిపోయాయి, మళ్ళీ నీళ్ళు వచ్చినా లేవవు. తర్వాత వాగుల పక్కన ఇంకుడు చెరువులు తవ్వి, బయట నుంచి తెచ్చిన నీళ్ళు కూడా అందులో నింపి, నేలలోకి దింపుతున్నారు. మీ అమ్మాయి సాయంత్రం వాకింగ్‌కి వెళ్ళే చెరువు గట్టు బహుశా అలాంటిదే. అడిగి చూడండి, ఆమెకి తెలియకపోవచ్చు.

ఎడారిలో లాస్ వేగస్ ఫౌంటెన్లు చూస్తే కడుపు మండింది. (కర్నూలు)

మండుతుంది, కానీ ఆ కోపం ఫౌంటెన్ల మీద కంటే పచ్చిక మీద పెట్టండి. వేగస్‌లో సింకు, బాత్రూముల్లో వాడిన నీళ్ళన్నీ శుద్ధి చేసి ఒక వంక గుండా మళ్ళీ లేక్ మీడ్‌లోకే వదులుతారు, ఎంత వదిలితే అంత మళ్ళీ తీసుకోవచ్చు. తిరిగి రానిది బయట ఎండలో పోసినది. అందుకే ఆఫీసుల ముందూ రోడ్డు మధ్యా ఉత్త అందానికి పెంచే పచ్చికకి 2026 తర్వాత నది నీళ్ళు పోయకూడదని నెవాడా 2021లో చట్టం చేసింది. అన్నట్టు లాస్ వేగస్ అంటే స్పానిష్‌లో పచ్చిక బయళ్ళు. ఒకప్పుడు అక్కడ ఊటలుండేవి.

బాపట్ల దగ్గర రొయ్యల హేచరీలో టెక్నీషియన్ని. రొయ్య పిల్లలకి మేతగా వాడే ఆర్టీమియా డబ్బా మీద ‘గ్రేట్ సాల్ట్ లేక్, యూటా’ అని ఉంటుంది. ఆ సరస్సు ఎండిపోతోందని విన్నా. మాకేమైనా టెన్షనా? (ఒక పాఠకుడు)

తమ్ముడూ, ఇన్ని ఉత్తరాల్లో నాకు బాగా నచ్చింది నీదే. యూటా కొండల మంచు నీళ్ళకీ బాపట్ల రొయ్య పిల్లకీ చుట్టరికం ఉందని ఎవరు ఊహిస్తారు?

ఆ సరస్సుకి బయటికి దారి లేదు. బేర్, వీబర్, జోర్డన్ అనే మూడు నదులు వచ్చి పడతాయి, నీళ్ళు ఆవిరవుతాయి, ఉప్పు మిగిలిపోతుంది. బేర్ నది మరీ చిత్రం. యూటాలో పుట్టి, వయోమింగ్, ఐడహో రాష్ట్రాలు తిరిగి, మళ్ళీ యూటాకే వచ్చి సరస్సులో దిగుతుంది. ఉత్తర అమెరికాలో సముద్రం మొహం చూడని నదుల్లో పొడవైనది అదే. ఆ ఉప్పులో చేప బతకదు. చేప లేదు కాబట్టే నీ డబ్బాలోని ఆ చిన్న ప్రాణి కోట్లకి కోట్లు పెరుగుతుంది. చలి మొదలయ్యేటప్పుడు అది గుడ్లు వదిలితే నీళ్ళ మీద ఎర్రటి చారల్లా తేలతాయి. చిన్న విమానాల్లోంచి ఆ చారల్ని చూసి చెప్తే, పడవల వాళ్ళు తేలే పట్టీలతో చుట్టుముట్టి తోడేస్తారు. ఎండబెట్టి డబ్బాకెత్తితే నీ దగ్గరికి వస్తుంది, నువ్వు ఉప్పునీళ్ళలో వేసి గాలి కొడితే ఒక రోజులో లేస్తుంది. ప్రపంచం మొత్తం హేచరీలకి ఇదొక పెద్ద ఆధారం.

ఎండిపోవడం నిజమే. 2022 నవంబర్‌లో నీటిమట్టం రికార్డుల్లో లేనంత కిందికి పడింది. పరచుకున్న నీళ్ళు 1987 నాటి దాంట్లో మూడో వంతు కూడా లేవు. ఎగువన పొలాలకీ ఊళ్ళకీ నదుల్ని తోడెయ్యడం ముఖ్య కారణం. ఉప్పు చిక్కబడి ఆర్టీమియాకే కష్టమయ్యే స్థితి వచ్చింది. మరుసటి చలికాలం మంచు విపరీతంగా పడి కాస్త గట్టెక్కింది. అసలు వింత చెప్పనా, 1987లో ఇదే సరస్సు పొంగి రోడ్ల మీదికి, రైలు కట్ట మీదికి వస్తోందని ప్రభుత్వం పెద్ద పంపులు పెట్టి నీళ్ళని పడమటి ఎడారిలోకి తోడి పోయించింది. వద్దు మొర్రో అన్న నీళ్ళ కోసమే 35 ఏళ్ళకి ప్రార్థనలు.

మీ వాళ్ళు ఒకే చోటి సరుకు మీద ఆధారపడకుండా చైనా, మధ్య ఆసియా సరస్సుల ఆర్టీమియా కూడా చూసుకుంటే మంచిదని నా ఉద్దేశం. ఆ బేరాలు నాకంటే నీకే బాగా తెలుసు.

అమెరికా మ్యాపులో పడమటి రాష్ట్రాల హద్దులు స్కేలు పెట్టి గీసినట్టున్నాయి. ఎందుకు? మా ఎనిమిదో తరగతి పిల్లలు అడిగారు. (ఒక సోషల్ టీచరు, సిద్దిపేట)

నిజంగానే స్కేలు పెట్టి గీశారు టీచర్ గారూ. అలా వద్దన్న మనిషి ఒకడున్నాడు, జాన్ వెస్లీ పావెల్. యుద్ధంలో కుడిచేయి పోయినా 1869లో పడవల్లో కొలరాడో నది వెంబడి గ్రాండ్ కాన్యన్ దాటాడు. ఈ నేలంతటికీ సరిపడా నీళ్ళు లేవు, హద్దులు గీసేదేదో పరీవాహక ప్రాంతాల ప్రకారం గీయండి, ఒక ఏటి నీళ్ళు తాగేవాళ్ళంతా ఒక పాలన కింద ఉంటారు అని చెప్పి, 1890లో రంగుల మ్యాపు కూడా అచ్చువేయించాడు. ఎవరూ వినలేదు. 1893లో లాస్ ఏంజిలిస్ సభలో అదే మాట అంటే గోల చేసి అరిచారు. ఆ మ్యాపు పిల్లలకి చూపించండి, ఆకు ఈనెల్లా భలే ఉంటుంది. తర్వాత మన జిల్లాలని అలా గీయమనండి, ఓ పీరియడ్ అయిపోతుంది.

లా చదువుతున్నా. క్లాసులో ‘పబ్లిక్ ట్రస్ట్’ పాఠంలో మోనో లేక్ అనే పేరు వచ్చింది. అదెక్కడ, మనకెందుకు? (విజయవాడ)

కాలిఫోర్నియాలో, సియెరా కొండలకి తూర్పు పక్క. కథ లాస్ ఏంజిలిస్ దాహంతో మొదలవుతుందమ్మా. 1913లో ఆ ఊరు 233 మైళ్ళ కాలువ తవ్వి ఓవెన్స్ లోయ నీళ్ళు తెచ్చుకుంది. కొన్నేళ్ళకే ఓవెన్స్ సరస్సు ఎండి దుమ్ము లేచింది. కడుపు మండిన రైతులు 1920ల్లో ఆ కాలువని డైనమైట్ పెట్టి పేల్చారు కూడా. అయినా దాహం తీరక 1941లో ఇంకా ఉత్తరానికి వెళ్ళి, మోనో సరస్సులో పడే వాగుల్ని మళ్ళించారు. సరస్సు 40 అడుగుల పైన దిగిపోయింది. మధ్యలో పక్షులు గుడ్లు పెట్టే దీవికి నేల దారి ఏర్పడి గుంటనక్కలు నడిచి వెళ్ళాయి. 1978లో కొందరు కుర్రాళ్ళు, పక్షుల్ని లెక్కబెట్టిన విద్యార్థులే, సంఘం పెట్టి కోర్టుకెక్కారు. నీళ్ళు, ఒడ్డు ప్రభుత్వానివి కావు, ప్రజల తరఫున ప్రభుత్వం దగ్గర దాచుకున్నవి, పర్మిట్ ఇచ్చేశాం అని చేతులు దులుపుకోడానికి వీల్లేదు అని 1983లో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. సరస్సు ఏ మట్టానికి రావాలో 1994లో నిర్ణయించారు. ఇంకా అక్కడికి చేరలేదు, అది వేరే సంగతి.

మనకెందుకంటే, బియాస్ నదిని ఒక రిసార్టు కోసం పక్కకి తిప్పిన కేసులో, ఎం.సి. మెహతా వర్సెస్ కమల్ నాథ్, మన సుప్రీంకోర్టు 1996 డిసెంబర్ తీర్పులో ఈ మోనో తీర్పునే పేజీలకి పేజీలు ఎత్తి చూపించింది. ఆ దారిలోనే 2006లో తిరుపతి అవిలాల చెరువు, పేరూరు చెరువు కేసులో కూడా అదే సూత్రం వాడింది. పరీక్షలో మోనో తర్వాత అవిలాల అని రాయి, మాస్టారు తప్పకుండా ఆగి చూస్తారు.

జులైలో అమ్మానాన్నల్ని అరిజోనాలోని ఆంటిలోప్ కాన్యన్, యూటాలోని జయాన్ పార్కు తీసుకెళ్దామని టికెట్లు కొన్నాను. వాతావరణం యాప్‌లో ఆ ఊళ్ళో వాన లేదంటోంది. జాగ్రత్తలేమైనా? (ఛాండ్లర్, అరిజోనా)

ఆ ఊళ్ళో కాదు బాబూ, ఎగువన చూడు. 1997 ఆగస్టు 12న ఆంటిలోప్ కాన్యన్‌లో 11 మంది కొట్టుకుపోయారు. వాళ్ళ నెత్తిన వాన లేదు, మైళ్ళ దూరంలో పడిన వాన వంక వెంట వచ్చి, మనిషి బారెడు కూడా లేని ఆ రాతి సందులోకి ఒక్కసారిగా దూరింది. ఎడారి నేల గట్టిగా కాలిన పెనంలాంటిది, పీల్చుకోదు, పడిందంతా పారుతుంది. జూన్ మధ్య నుంచి సెప్టెంబరు దాకా అక్కడ వానాకాలం, వాళ్ళు కూడా దాన్ని ‘మాన్‌సూన్’ అనే అంటారు.

నా సంగతే చెప్తాను, సిగ్గుపడుతూనే. ఒక ఆగస్టు సాయంత్రం టూసాన్ వైపు చిన్న రోడ్డు మీద వెళ్తున్నా. ముందు వంక రోడ్డుకి అడ్డంగా పారుతోంది, చూస్తే మోకాలి లోతు కూడా లేదు, కాఫీ రంగులో. తాడిపత్రి వాణ్ణి, ఇలాంటి వంకలు ఎన్ని దాటలేదు అనుకుని ముందు చక్రాలు దింపాను. స్టీరింగ్ తేలికైపోయింది, బండి నా మాట వినడం మానేసి మెల్లిగా పక్కకి జరిగింది. అదృష్టం, అడుగున్నర జరిగి ఒక రాయికి ఆనుకుంది. రివర్సు వేసి బయటపడ్డాక చేతులు వణుకుతూ అరగంట అక్కడే కూర్చున్నా. అప్పుడొచ్చింది ఎదురుగా మొత్తం చెట్టు ఒకటి, వేళ్ళతో సహా, నీళ్ళ మీద నిలబడి నడిచొస్తున్నట్టు. అడుగు లోతు పారే నీళ్ళు చాలు చిన్న కారుని తోసెయ్యడానికి. అరిజోనాలో దీనికి చట్టమే ఉంది, 1995 నుంచి: నీళ్ళొచ్చాయని బారికేడ్లు పెట్టి మూసిన రోడ్డులో దిగి ఇరుక్కుంటే నిన్ను బయటికి తీసిన ఖర్చు నీదే. జనం దాన్ని ‘తెలివితక్కువ డ్రైవర్ల చట్టం’ అంటారు.

కాబట్టి పొద్దుటి వేళ టికెట్లు దొరికితే మార్చుకో, మబ్బులు పట్టేది మధ్యాహ్నం దాటాకే. అమ్మానాన్నలకి మెట్లు, ఇనప నిచ్చెనలు ఉండే దిగువ భాగం కష్టం, ఎగువ భాగం చదునుగా ఉంటుంది, అదే చూడు. జయాన్‌లో నది లోపల నడిచే దారి ఉంది, ఆ రోజు వరద హెచ్చరిక ఎలా ఉందో పార్కు వాళ్ళు రాసి పెడతారు, అది చూడకుండా దిగొద్దు. గైడు వచ్చి ఈ రోజు టూరు లేదంటే, ఆకాశం నీలంగానే ఉంది కదా, ఇంత దూరం వచ్చాం కదా అని మీ నాన్నగారు వాదనకి దిగుతారు, నాకు తెలుసు, మనవాళ్ళే కదా. ఆయన్ని మెల్లగా కారెక్కించి టిఫినుకి తీసుకెళ్ళు.